చివరి కుర్చీ దగ్గర కొలత

ముందుమాట

ఇల్లు కట్టుకునే తెలుగువాడికి సలహాలకు కొదవ లేదు. వాస్తు చెప్పేవారు ఉంటారు, తాపీ మేస్త్రీ ఉంటాడు, మేనమామ ఉంటాడు, పక్కింటాయన ఉంటాడు. వంటగది ఏ మూల, గుమ్మం ఎటువైపు, బోరు ఎక్కడ అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. అదే మనిషి పాతికేళ్ల వయసు నుంచి అరవై దాకా పగటిపూటంతా గడిపే ఆఫీసు సంగతి వచ్చేసరికి ఎవరూ నోరు విప్పరు. టెండరు పిలుస్తారు, శ్లాబు పోస్తారు, రంగులు వేస్తారు, ప్రారంభోత్సవం చేస్తారు. లోపల కూర్చునే గుమాస్తాకు ఎండ ఎటునుంచి కొడుతుంది, గాలి ఎటునుంచి అందుతుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి తల ఎందుకు దిమ్మెక్కుతుంది అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నలు అడిగి, కొలతలు తీసి, లెక్కలు కట్టి, జవాబులు వెతికి రాసిన పుస్తకం ఇది. దీనికి ముందుమాట రాసే అవకాశం దక్కడం నాకు నిజంగా సంతోషం.

రచయిత్రి నెల్లూరు జిల్లాలోని మా బోగోలు పిల్ల. ఊరి వరసకు నన్ను పెదనాయనా అని పిలుస్తుంది. సివిల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో పెద్ద పెద్ద ఆఫీసు భవనాల కరెంటు, చల్లదనం, వెలుతురు లెక్కలు చూసే పనిలో కుదిరింది. నేను ఉద్యోగమంతా ప్రభుత్వ కట్టడాల ఎస్టిమేట్లు, మెజర్‌మెంట్ బుక్కుల మధ్యనే గడిపినవాణ్ణి. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని టన్నులు అన్నది మాకు కంఠతా వచ్చు. ఆ భవనంలో మనిషి ఎట్లా ఉంటాడన్నదానికి మా ఎస్టిమేట్లలో కాలమ్ లేదు. ఆ లేని కాలమ్‌ను ఈ అమ్మాయి పుస్తకంగా రాసిందని నా అభిప్రాయం.

పుస్తకం మొదలుపెట్టే ముందు ఆమె పని చేసే తీరు ఒకసారి దగ్గరుండి చూశాను. మే నెలలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాం. ఏ ఊరు, ఏ శాఖ అన్నది ఇక్కడ అక్కర్లేదు. అధికారి గదిలో మర్యాదకు కాసేపు కూర్చుని, బయటి హాల్లోకి వచ్చి, సంచిలోంచి అరచేతిలో పట్టేంత మీటరు తీసింది. వేడి, తేమ, కార్బన్ డయాక్సైడ్ మూడూ చూపించే మీటరది. ముందు బల్లల వరస దాటి, ఫైళ్ల బీరువాల వెనక పడమటి గోడకు వీపు ఆనించి కూర్చున్న కంప్యూటర్ ఆపరేటరు దగ్గరికి పోయి, అతని భుజం ఎత్తున మీటరు పట్టుకుని అంకె నిలకడగా నిలిచేదాకా ఆగింది. అధికారి గదికీ ఆ కుర్చీకీ ఆరేడు డిగ్రీల తేడా. “ఏసీ ఎంత పెట్టినా ఈ మూలకి రాదు మేడం. మూడింటి తర్వాత గోడ కాల్తా ఉంటది, కుర్చీ ముందుకు జరుపుకుంటా,” అన్నాడతను. గోడ మీద చెయ్యి వేసి చూశాను. ఎక్కువసేపు ఉంచలేకపోయాను. బయటికి వచ్చాక ఆమె అన్న మాట ఇది: “ఆఫీసు సగటు ఎంతో నాకెందుకు పెదనాయనా, అందరికంటే అధ్వానంగా ఉన్న కుర్చీ లెక్క చెబితే చాలు, భవనానికి తెలివి ఉందో లేదో తెలిసిపోతుంది.”

పుస్తకం మొత్తం ఆ మాట మీద నిలబడింది. తెలివైన భవనాల గురించి కంపెనీలు ఇచ్చే కరపత్రాల్లో సెన్సర్లు, స్క్రీన్లు, యాప్‌లు ముందు వస్తాయి. ఈ పుస్తకంలో మనిషి ముందు వస్తాడు. ఆ మనిషి కూడా పెద్ద గదిలో కూర్చున్నవాడు కాడు. మూలన కూర్చున్నవాడు, కుర్చీ మార్చుకునే హక్కు లేనివాడు. అతని కుర్చీ దగ్గర గాలి, వెలుతురు, చల్లదనం సరిగ్గా ఉంటే మిగతా అందరికీ ఉన్నట్టే. నా అనుభవం కూడా ఇదే చెబుతుంది. అందుకే ఈ పుస్తకాన్ని మనసారా మెచ్చుకుంటున్నాను.

మొదటి అధ్యాయంలో చరిత్ర ఉంది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాలలో గాలి తేమకు కాగితం ఉబ్బి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడక ఇబ్బంది వచ్చింది. దానికి విరుగుడుగా విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు తయారుచేసిన ఏర్పాటే ఇవాళ్టి ఏసీకి మూలం. మొదటి ఏసీ చల్లబరచింది కాగితం కోసం. మనుషుల వంతు తర్వాత వచ్చింది. 1980లలో అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్ నగరపు సిటీప్లేస్ భవనానికి మొట్టమొదటి తెలివైన భవనమన్న పేరు పెట్టారు. లిఫ్టులు, దీపాలు, ఏసీ, టెలిఫోన్లు అన్నీ కంప్యూటర్ల అదుపులో నడవడమే ఆనాటి గొప్ప. మన వైపు 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించాక ఆఫీసు అంటే ఎట్లా ఉండాలన్న ఊహే మారిపోయింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో నగరంలోనే కాదు, జిల్లా కేంద్రాల్లో కూడా అద్దాలు తొడిగిన ముఖద్వారం ఆధునికతకు గుర్తయి కూర్చుంది. పడమటి వైపు నిలువెత్తు అద్దం పెట్టి, లోపలికి దూకిన వేడిని తోడెయ్యడానికి ఏసీ పెట్టి, అద్దంలోంచి కళ్లల్లో కొట్టే వెలుగు ఆపడానికి కర్టెన్ దించి, చీకటైందని పగలే లైట్లు వేసుకునే ఆఫీసులు ఎన్ని లేవు? ఈ వరసను రచయిత్రి ఎవరినీ నిందించకుండా, ఒక్కొక్క మెట్టుకూ ఎంత కరెంటు పోతుందో లెక్క చూపిస్తూ చెప్పింది.

రెండో అధ్యాయం మా ప్రాంతానికి సంబంధించింది. మా మండలంలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల ఊరు. పెద్ద లోకోషెడ్, రైల్వే కాలనీ, వాటితో పాటు కార్యాలయాలు. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ వైభవం తగ్గింది కాని, ఆ కాలపు రైల్వే కట్టడాల నుంచి నేర్చుకోవలసింది తగ్గలేదు. మందమైన ఇటుక గోడలు, ఎత్తయిన కప్పు, కప్పు కింద వేడిగాలి బయటికి పోయే వెంటిలేటర్లు, గోడ మీద ఎండ పడకుండా చుట్టూ వరండా. వాటిని కట్టినవారి చేతిలో కంప్యూటరు లేదు. ఎండ ఎటు, గాలి ఎటు అన్న ఎరుక ఉంది. పాతదంతా మంచిదని రచయిత్రి ఎక్కడా అనలేదు. ఆ ఎత్తయిన గదుల్లో మూలల్లో చీకటి ఉంటుందనీ, ఇవాళ్టి కంప్యూటర్ల వేడి, జనసాంద్రత ఆ గదులు ఎరగవనీ స్పష్టంగా రాసింది. ఈ నిజాయితీ నాకు నచ్చింది.

ఇదే అధ్యాయంలో సూర్యుడి లెక్క ఒకటి ఉంది. ప్రతి సివిల్ ఇంజనీరూ దాన్ని కంఠస్థం చెయ్యాలి. బోగోలు దాదాపు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ నెలాఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఢిల్లీలో ఏడాది పొడుగునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానే ఉంటాడు కాబట్టి అక్కడి పుస్తకాలు దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ పెట్టమని చెప్పి ఊరుకుంటాయి. అదే పుస్తకం చూసి మన దగ్గర కడితే మే, జూన్, జూలై నెలల్లో ఉత్తరపు కిటికీ ఎండకు దొరికిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే, సూర్యుడు నెత్తిన ఉండే చోట వేడి ఎక్కువగా దిగేది కప్పులోంచి. దాని తర్వాత దెబ్బ తినేది మధ్యాహ్నం దాటాక పడమటి గోడ. ఆ కంప్యూటర్ ఆపరేటరు వెనక గోడ కాలడానికి కారణం ఇదే. ఆ గోడ అవతల మెట్లో, రికార్డు గదో, మరుగుదొడ్లో పెట్టి ఉంటే ఆ మనిషి అన్నేళ్లు వీపు కాల్చుకోనక్కర్లేదు. అందుకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. నక్షా గీసేనాడు పెన్సిల్ ఒక గది అటు జరిపితే సరిపోయేది.

గాలి విషయానికి వస్తే వేసవిలో మాకు పొద్దున పడమటి వడగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి. తూర్పు కిటికీ ఆ సముద్రపు గాలికి ప్రాణం. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల జల్లు కొట్టేది కూడా ఆ తూర్పు కిటికీ మీదే. కాబట్టి వెడల్పాటి సన్‌షేడ్, వాన పడుతున్నా కొంచెం తెరిచి ఉంచుకోగలిగిన కిటికీ రెక్క రెండూ కావాలి. కిటికీ అసలు తెరుచుకోని అద్దాల పెట్టె కడితే తుపానుకు కరెంటు పోయిన నాడు ఆ ఆఫీసు మూసుకోవలసిందే. తుపాను నాడు పనిచెయ్యాల్సిన కార్యాలయాలే మన తీరంలో ఎక్కువ. ఈ మాట చదివినప్పుడు ఆ పేజీ అంచున గీత గీసుకున్నాను.

తరువాతి రెండు అధ్యాయాలూ హైదరాబాదు అనుభవాలు. ఒకటి కొండాపూర్ దగ్గరి సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. పర్యావరణానికి మేలైన కట్టడాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు 2003లో పొందింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు దక్కిన తొలి కట్టడం అదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దాన్ని మధ్యలో ముంగిలి ఉన్న గుండ్రటి కట్టడంగా మలిచాడు. గోడలకు జాలీలు, కప్పు మీద పచ్చిక, గాలిని ముందే కొంత చల్లబరిచి లోపలికి పంపే రెండు గాలి గోపురాలు, వాడిన నీటిని మొక్కల వేళ్లతో శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ఏర్పాటు. మన పాత మండువా లోగిళ్లలో ఉన్న నడిమి ముంగిలి అందులో ఆధునిక ఆఫీసుకు పనికి వచ్చిందని రచయిత్రి చూపించింది. ముంగిలి ఉన్నందువల్ల ఏ బల్లా వెలుతురుకు దూరం కాలేదన్నది ఆమె పట్టుకున్న అసలు కిటుకు.

రెండోది ఘట్‌కేసర్ దగ్గరి పోచారంలో ఇన్ఫోసిస్ కట్టిన సాఫ్ట్‌వేర్ భవనం. పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఎందుకంటే అక్కడ ఎవరూ వాదించలేని పరీక్ష జరిగింది. 2011లో వాడుకలోకి వచ్చిన ఆ భవనాన్ని అద్దంలో ప్రతిబింబంలా రెండు సమాన భాగాలుగా కట్టారు. గోడలు, కిటికీలు, మనుషుల సంఖ్య రెండు వైపులా ఒకే తీరు. ఒక సగంలో మామూలు పద్ధతి: చల్లగాలిని ఫ్యాన్లతో గొట్టాల గుండా తోసే ఏసీ. రెండో సగంలో శ్లాబు కాంక్రీటు పోసేటప్పుడే లోపల సన్నని గొట్టాలు పరిచి, వాటిలో చల్లటి నీళ్లు తిప్పారు. కప్పు చల్లబడితే కింద కూర్చున్న మనిషి ఒంటి వేడిని అదే లాగేసుకుంటుంది. పీల్చుకోవడానికి మాత్రం తేమ తీసిన తాజా గాలిని విడిగా పంపారు. రెండేళ్ల లెక్కలు 2014లో అమెరికా ఇంజనీర్ల సంఘం అశ్రే పత్రికలో వచ్చాయి. శ్లాబు చల్లబరిచిన సగం చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు వాడింది. కట్టడానికి ఎక్కువ ఖర్చు కూడా కాలేదు.

ఎందుకు తక్కువైందో రచయిత్రి చెప్పిన తీరు పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఒకే పరిమాణంలో గాలి మోసే వేడికంటే నీళ్లు మోసే వేడి దాదాపు 3,500 రెట్లు ఎక్కువ. గది నిండా గాలిని తోసే ఫ్యాన్లకు అయ్యే కరెంటులో చిన్న భాగంతో నీటి పంపు అదే పని చేసేస్తుంది. దాని తర్వాత ఆమె రాసిన వాక్యం ఇంకా విలువైనది. గాలి గొట్టం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చలి, లేనిచోట ఉక్క. కప్పు మాత్రం అందరి నెత్తిన ఒకేలా ఉంటుంది, కాబట్టి మూల కుర్చీకీ నడిమి కుర్చీకీ తేడా ఉండదు. నేను ఎన్నో సాంకేతిక వ్యాసాలు చదివాను. ఒక యంత్రాన్ని న్యాయం దృష్టితో ఇంత సూటిగా తూచిన వ్యాసం చూడలేదు.

అంతటితో ఆగకుండా, హైదరాబాదులో పనికొచ్చింది కదా అని మన తీరానికి యథాతథంగా తేవద్దని హెచ్చరించింది. మా వైపు 34 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న రోజున 26, 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా తేమ నీళ్లుగా కడుతుంది. చల్లనీళ్ల సీసా బల్ల మీద పెట్టగానే చెమర్చేది అందుకే. తలుపులు తీసి ఉంచే ఆఫీసులో శ్లాబు చల్లబరిస్తే కప్పు నుంచి ఫైళ్ల మీద నీళ్లు కారతాయి. గాలిలో తేమ ముందు తీసేసి, తలుపులు, కిటికీలు కట్టుదిట్టంగా పెట్టుకోగలిగిన చోటే ఆ పద్ధతి. మిగతా చోట్ల నీడ, ఫ్యాను, కప్పు మీద తెల్ల పూత ముందు. మా దగ్గరి జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు చుట్టూ రేపు ఎన్నో కార్యాలయాలు వస్తాయి. వాటిని కట్టేవారు ఈ నాలుగు పేజీలు తప్పక చదవాలి. సముద్రపు ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ల రేకులు తుప్పు పట్టే సంగతి, తీరప్రాంతపు కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం కమ్మీల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలన్న సంగతి కూడా అక్కడే ఉన్నాయి.

ఐదో అధ్యాయం పీల్చే గాలి గురించి. మన చిన్న ఆఫీసుల్లో గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. ఈ సంగతి చదువుకున్నవారిలో కూడా చాలామందికి తెలియదు. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో పదిమంది కూర్చుని తలుపులు, కిటికీలు పూర్తిగా మూసేశారనుకోండి. ఒక్కొక్కరు గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాలకు 420) ఉండేది, సందుల్లోంచి గాలి రాకుంటే గంటలో 2,000కు చేరుతుంది. 2015లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో హార్వర్డ్ పరిశోధకులు 24 మంది ఉద్యోగులను ఆరు పనిదినాలు ఒక ప్రయోగశాల ఆఫీసులో కూర్చోబెట్టి, వాళ్లకు చెప్పకుండా గాలి మార్చి, ఆలోచనా శక్తిని పరీక్షించారు. మామూలు ఆఫీసు గాలి ఉన్న రోజు కంటే రసాయన వాసనలు తగ్గించిన రోజు మార్కులు 61 శాతం, తాజా గాలి కూడా బాగా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువ వచ్చాయి. మధ్యాహ్నం తర్వాత గుమాస్తా కునికితే సోమరితనమని మందలించే ముందు ఆ గది కిటికీ తెరిచి ఉందో లేదో చూడమని రచయిత్రి అధికారులకు విన్నవించుకుంది. ఆ విన్నపానికి నా వంతు గొంతు కూడా కలుపుతున్నాను.

చల్లదనం ఎంత ఉండాలన్న చర్చలో మన తెలుగు పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి కృషిని సముచితంగా స్మరించడం నాకు ఎంతో తృప్తి కలిగించింది. ఆమె, సహపరిశోధకులు 2012–13లో హైదరాబాదు, చెన్నై నగరాల్లో 28 ఆఫీసు భవనాల్లో 2,787 మందిని అడిగి, ఆరువేలకు పైగా సమాధానాలు సేకరించారు. కిటికీలు తెరుచుకునే ఆఫీసుల్లో సుమారు 28 డిగ్రీలు, ఏసీ నడిచేటప్పుడు 26కు కొంచెం పైన తమకు హాయిగా ఉంటుందని మనవాళ్లు చెప్పారు. ఇరవై రెండుకు తిప్పి, శాలువాలు కప్పుకుని పనిచెయ్యడం మన ఒంటికి అక్కర్లేదన్నమాట. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటులో ఆరు శాతం మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ అంచనా. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది. రచయిత్రి ఇక్కడ ఎత్తి చూపింది అంకెను కాదు, ఆ అంకె వచ్చిన దారిని: కూర్చున్న వాళ్లను అడిగారు. ఏ భవనానికైనా తెలివి పెరగడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

సెన్సర్ల అధ్యాయం సమతూకంగా నడిచింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ది ఎడ్జ్ అనే భవనంలో 28 వేల సెన్సర్లు ఉన్నాయి. ఏ మూల ఎవరూ లేరో కనిపెట్టి అక్కడ దీపాలు, చల్లదనం తగ్గించేస్తుంది. మనిషి ఫోనులోని యాప్ అతనికి ఆరోజు కూర్చునే చోటు చూపిస్తుంది, వెలుతురు, వేడి తనకు నచ్చినట్టు సర్దుకోనిస్తుంది. మంచిదే. అయితే కదలకుండా టైపు చేసుకుంటున్న మనిషిని గది ఖాళీ అనుకుని దీపం ఆర్పేసే సెన్సరు మన ఆఫీసుల్లో ఎంత చిరాకు పెడుతుందో కూడా రాసింది. కరెంటు ఆదా కోసం పెట్టిన కన్ను ఎవరు ఎన్నిసార్లు కుర్చీ లేచారో లెక్కపెట్టే కన్నుగా మారకూడదని గట్టిగా చెప్పింది. సెన్సరు గదిని చూడాలి, మనిషిని కాదు. దాని లెక్కలు ఉద్యోగి చూడగలిగేట్టు గోడ మీదే కనబడాలి అన్న ఆమె సూచన పాటించదగినది.

నియమాల అధ్యాయం చిన్నదే కాని కళ్లు తెరిపిస్తుంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2007లో భవనాల ఇంధన పొదుపు నియమావళి, అంటే ఈసీబీసీ నిబంధనలు వచ్చాయి. 2014 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిని తప్పనిసరి చేసింది. గోడలో అద్దం ఎంత మేర ఉండొచ్చన్న పరిమితి వాటిలో ఒకటి. అయితే ఈ నిబంధనలు 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు దాటిన పెద్ద భవనాల కోసం రాసినవి. బోగోలు లాంటి చోట ఒక్క కార్యాలయం కూడా ఆ గీత దాటడం కష్టం. మరి తెలివి పెద్ద భవనాలకే పరిమితమా? ఇక్కడే పుస్తకం తన గొప్పతనం చూపించింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాల పేరుతో మొదలైన కార్యాలయాలు నేటి ఆంధ్రప్రదేశ్‌లో 15 వేల పైచిలుకు. ఒక్కొక్క చోట పదిమంది దాకా యువ ఉద్యోగులు, రోజంతా వచ్చిపోయే జనం. ఇంత పెద్ద సంఖ్యలో ఒకే తరహా చిన్న ఆఫీసులు ఉన్నప్పుడు ఒక్క మంచి మార్పు పదిహేను వేల సార్లు ఫలిస్తుంది.

ఆ చిన్న ఆఫీసు కోసం రచయిత్రి ఇచ్చిన పట్టీ ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. కప్పు మీద ప్రతి రెండు మూడేళ్లకు వేసవి ముందు తెల్ల పూత. పడమటి గోడకు నీడ: చెట్టో, జాలీయో, వరండాయో. ఎదురెదురు గోడల్లో తెరుచుకునే కిటికీలు, కప్పు కింద వెంటిలేటర్లు మూయకపోవడం. మూల కుర్చీ నెత్తిన కూడా ఒక ఫ్యాను. బల్ల పక్కనుంచి వెలుతురు పడేట్టు కిటికీకి అడ్డంగా కంప్యూటరు పెట్టడం. ఏసీ ఉంటే 26 డిగ్రీలు, దాంతోపాటు ఫ్యాను, గోడలో బయటి గాలిని లోపలికి తెచ్చే ఇంకో చిన్న ఫ్యాను. గోడ మీద కార్బన్ డయాక్సైడ్ మీటరు, అంకె వెయ్యి దాటితే ఎవరైనా లేచి కిటికీ తెరవొచ్చన్న ఉత్తర్వు. ఈ చివరి మాట ముఖ్యమైనది. అధికారి అనుమతి లేకుండా కిటికీ తెరిచే హక్కు అటెండరుకు ఉన్న ఆఫీసు, ఎన్ని సెన్సర్లు ఉన్న భవనం కంటేనైనా తెలివైనది.

రెండో ముద్రణకు నావి రెండు సూచనలు. ఒకటి, నిర్వహణ గురించి ఇంకో అధ్యాయం రాయాలి. కట్టడానికి నిధులు వస్తాయి, ఫిల్టరు కడగడానికి రావు. మరమ్మతుల పద్దు ఎట్లా రాసుకోవాలో, ఏ పని ఏ నెలలో చెయ్యాలో చెబితే ఏఈ, డీఈలకు ఎంతో మేలు. రెండు, మేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు పనికొచ్చేట్టు బొమ్మలతో చిన్న పుస్తకం విడిగా తేవాలి. కిటికీ ఎక్కడ తెరవాలో నిర్ణయించేది ఇంజనీరే అయినా, గోడ కట్టేనాడు అక్కడ నిలబడేది మేస్త్రీ. ఆయనకు కారణం తెలిస్తే పని తీరే వేరుగా ఉంటుంది.

ఇంజనీరింగ్ విద్యార్థులు, నక్షాలు గీసేవారు, కాంట్రాక్టర్లు, మండల స్థాయి అధికారులు, ఉద్యోగ సంఘాల నాయకులు ఈ పుస్తకం చదవాలని నా కోరిక. సంఘాల వారికి మరీ ముఖ్యంగా చెబుతున్నాను: జీతం, కరువు భత్యంతో పాటు పీల్చే గాలి, కూర్చునే చోటు కూడా అడగదగిన హక్కులే. ఇక అధికారులకు నా విన్నపం ఒక్కటే. కొత్త భవనం స్వాధీనం చేసుకుంటూ కంప్లీషన్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు, వేసవి మధ్యాహ్నం మూడు గంటలకు అందులో అందరికంటే వెనకున్న కుర్చీలో ఒక గంట కూర్చోండి. ఆ గంట మీరు పని చేసుకోగలిగితే సంతకం పెట్టండి. లేకుంటే కాంట్రాక్టరును, ఇంజనీరును పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి.

చదువును ఊరికి తిరిగి తెచ్చి, ఊరి ఎండను, గాలిని ప్రపంచ విజ్ఞానంతో కలిపి, తెలుగులో ఇంత తేటగా చెప్పిన మా అమ్మాయికి నా నిండు ఆశీస్సులు. ఈ పుస్తకం పది ముద్రణలు పొందాలి. అంతకంటే ముందు, దీన్ని చదివి కట్టిన పది ఆఫీసులు మా జిల్లాలో లేవాలి.

బోగోలు, నెల్లూరు జిల్లా

ఒక విశ్రాంత ఇంజనీరు